కీమో మధ్యలో కొత్త అల్లుడి పండగ: ఆ ఎఫ్‌డీ జోలికి వెళ్ళకండి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాకు 52 ఏళ్ళు, ప్రైవేటు ఉద్యోగం, చేతికి 58 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 45 వేలు. మా ఆవిడకు రొమ్ము క్యాన్సర్ అని నవంబర్‌లో తేలింది. స్కూల్లో టీచర్‌గా తను తెచ్చే 16 వేలు అప్పటి నుంచి ఆగిపోయాయి. విజయవాడలో 21 రోజులకోసారి కీమో ఇస్తున్నారు. రెండు అయ్యాయి, మూడోది జనవరి 6న, నాలుగోది 27న. 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) ఉంది, బిల్లులు క్యాష్‌లెస్‌లోనే వెళ్తున్నాయి. మే నెలలో అమ్మాయి పెళ్ళి చేశాం. కొత్త అల్లుడికి ఇది తొలి సంక్రాంతి. తన జబ్బు వల్ల పండక్కి లోటు రాకూడదని మా ఆవిడ పట్టుబడుతోంది. బ్రేస్‌లెట్, బట్టలు, చుట్టాల భోజనాలు కలిపి 4.5 లక్షలు అవుతుంది. 2.4 లక్షల ఎఫ్‌డీలో 1.5 లక్షలు తీసి, మిగతా 3 లక్షలు తెలిసినవాళ్ళ దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. ఆ పాలసీకి 38 వేల ప్రీమియం గడువు జనవరి 25. గ్రేస్ పీరియడ్ (గడువు దాటాక కట్టడానికి ఇచ్చే అదనపు రోజులు) ఉంది కాబట్టి ఫిబ్రవరి జీతంలో కట్టేస్తాను. అప్పు వడ్డీకి తేవడం మేలా, పర్సనల్ లోన్ మేలా?

జవాబు: రెండూ వద్దు. పండగ కోసం ఈ ఏడాది మీరు ఒక్క రూపాయి కూడా అప్పు చేయకూడదు.

మీ ఉత్తరానికే ముందుగా జవాబు రాయడానికి కారణం, అందులో చాలా ఇళ్ళల్లో జరిగే పొరపాటు ఉంది. ఆస్పత్రి బిల్లు ఇన్సూరెన్స్ కడుతోంది, కాబట్టి దాచుకున్న డబ్బుతో ఇప్పుడు పని లేదనుకుంటారు. నిజానికి అత్యవసర నిధి అవసరం బాగా ఎక్కువయ్యేది ఇలాంటప్పుడే.

మీ ఇంట్లో జనవరి ఎలా ఉండబోతుందో చూడండి. మూడో కీమో 6న. సాధారణంగా కీమో ఇచ్చిన వారం తర్వాత తెల్లరక్తకణాల కౌంట్ బాగా పడిపోతుంది. మళ్ళీ కోలుకోవడానికి రెండో వారం దాటుతుంది. అంటే ఇల్లంతా చుట్టాలతో నిండే భోగి నుంచి కనుమ దాకా ఆవిడకు రోగనిరోధక శక్తి అంతంతమాత్రంగా ఉండే రోజులు. ఆ సమయంలో జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే పొద్దున చూద్దాంలే అనుకోవడానికి లేదు. అర్ధరాత్రైనా సరే, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలని డాక్టర్లు మొదటి కీమో రోజే చెబుతారు. మీకూ చెప్పే ఉంటారు.

ఇప్పుడు డబ్బు సంగతికి రండి. కనుమ రాత్రి 11 గంటలకు జ్వరం వచ్చింది. విజయవాడ వెళ్ళే వ్యవధి లేక భీమవరంలోనో ఏలూరులోనో దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అది మీ ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న ఆస్పత్రుల జాబితాలో, అంటే నెట్‌వర్క్‌లో లేకపోతే, బిల్లు ముందు మీరు కట్టి తర్వాత ఆ డబ్బు తిరిగి ఇమ్మని (రీయింబర్స్‌మెంట్) అడగాలి. నెట్‌వర్క్‌లో ఉన్నా, పండగ రాత్రి ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర మనుషులు తక్కువ ఉంటారు, అప్రూవల్ వచ్చేలోపు అడ్వాన్స్ కట్టమంటారు. యాంటీబయాటిక్స్ ఆగకూడదు. ఆ క్షణంలో మీ చేతిలో 90 వేలే ఉండి, 3 లక్షల ప్రోనోటు నెత్తిమీద ఉంటే ఎవరికి ఫోన్ చేస్తారు? అప్పిచ్చినాయన్నే మళ్ళీ అడగాలి.

అందుకే 2.4 లక్షల్లో పైసా తీయకండి. కాకపోతే దాన్ని ఉంచే తీరు మార్చండి. ఒక లక్ష సేవింగ్స్ ఖాతాలోకి తెచ్చుకోండి. మిగతాది ఫోన్‌లోనే, రాత్రిపూట కూడా రద్దు చేసుకోగలిగే ఎఫ్‌డీగా ఉంచండి. మీ ఎఫ్‌డీ బ్రాంచికి వెళ్తే తప్ప తీయడానికి వీల్లేనిదైతే పండగ సెలవుల్లో అది ఉన్నా లేనట్టే. ఖాతా మీ ఇద్దరి పేరున, ఎవరైనా తీసుకునేలా ఉండాలి. ఆస్పత్రులకు చేసే యూపీఐ చెల్లింపుల పరిమితి 5 లక్షల దాకా ఉంది గానీ, మీ బ్యాంకు యాప్‌లో మీరే తక్కువ పరిమితి పెట్టుకున్నారేమో ఇప్పుడే చూసుకోండి.

ప్రీమియం విషయంలో మీరు చేయబోతున్నది అప్పు కన్నా ప్రమాదం. ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టే పాలసీకి గ్రేస్ పీరియడ్ ఉంటే, పాలసీ తెగిపోకుండా, ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు క్లెయిమ్ రావాలంటే ఆగాల్సిన కాలం) వృథా కాకుండా ఉంటుంది. అంతవరకే. గడువు దాటిన రోజు నుంచి మీరు డబ్బు కట్టే రోజు దాకా జరిగిన చికిత్సకు మాత్రం క్లెయిమ్ రాదు. మీ గడువు 25, నాలుగో కీమో 27. ఫిబ్రవరి జీతం దాకా ఆగితే ఆ కీమో బిల్లు మొత్తం మీ జేబులోంచి పోతుంది. ఏ కారణంతోనైనా గ్రేస్ కూడా దాటిపోతే, క్యాన్సర్ తేలిన మనిషికి కొత్త పాలసీ ఇచ్చే కంపెనీ దొరకడం చాలా కష్టం. జబ్బు దాచి పాలసీ తీసుకుందాం అనే ఏజెంటు ఎదురైతే నమ్మకండి, రేపు క్లెయిమ్ తిరస్కరిస్తే నష్టపోయేది మీరే.

సమయానికి కడితే ఎంత లాభమో కూడా చెప్పాలి. రెన్యువల్ రోజు నుంచి 10 లక్షల కవరేజి మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. మిగిలిన కీమోలకు, ఆ తర్వాత సర్జరీ, రేడియేషన్ ఉంటే వాటికి అది ఆధారం. ఇప్పటికే క్లెయిమ్‌లు చేశారన్న కారణంతో కంపెనీ రెన్యువల్ నిరాకరించడానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు ఒప్పుకోవు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు, కాబట్టి మీరు చెప్పిన 38 వేలు పాత నోటీసులోని లెక్కేమో ఒకసారి చూసుకోండి. గడువుకు ముందే కట్టొచ్చు. ఈ నెల జీతం పడగానే మొదట కట్టాల్సింది ఇదే.

ఇక అప్పు. రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. ఏడాదికి 24 శాతం అది. 3 లక్షలకు నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు వడ్డీకే పోతాయి, అసలు కదలదు. మీకు నెలకు మిగిలేది 13 వేలు. అందులోంచే విజయవాడ ప్రయాణాలు, ఇన్సూరెన్స్ ఇవ్వని టెస్టులు, మందులు, మీరు సెలవు పెడితే కోత పడే జీతం వెళ్ళాలి. ఈ అప్పు ఎలా తీరుతుందో మీరు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. తీర్చే దారి లేకుండా, ఇంట్లో కీమో నడుస్తుండగా, బ్రేస్‌లెట్ కోసం నోటు రాయడం నాకు అసలు అర్థం కాలేదు. పర్సనల్ లోన్ వడ్డీ తక్కువ కావచ్చు, కానీ ఈఎంఐ వచ్చే నెలే మొదలవుతుంది. క్రెడిట్ కార్డు, లోన్ యాప్ మాట తలపెట్టకండి.

మీ ఆవిడ బాధ నాకు అర్థమవుతుంది. కూతురి తొలి పండగ, తన వల్ల పుట్టింటి మర్యాద తగ్గిందని ఎవరూ అనకూడదన్నది ఆవిడ పట్టుదల. అందుకు అప్పు ఒక్కటే దారి కాదు. ఈ వారమే మీరు అల్లుడికీ, వియ్యంకుడికీ ఫోన్ చేసి ఉన్నమాట చెప్పండి: కీమో నడుస్తోంది, ఈసారి పండగ మన రెండు కుటుంబాల మధ్యే, పెట్టాల్సింది చికిత్స అయ్యాక పెడతాం. ఆ ఫోన్ మీరే చేయాలి, ఆవిడ చేత చేయించకండి. అల్లుడికి, అమ్మాయికి మంచి బట్టలు, పసుపు కుంకుమ, కొనుక్కొచ్చిన అరిసెలు, సున్నుండలు కలిపి 25 వేలు మించనక్కర్లేదు. మీ రెండు నెలల జీతాల్లోంచి సర్దుకోవచ్చు. ప్రీమియం కూడా ఉన్నందువల్ల నెలకు మిగిలే 13 వేలు చాలవు, ఆ రెండు నెలలూ ఇంటి ఖర్చులో గట్టిగా చేయి బిగించక తప్పదు. పొయ్యి దగ్గర ఆవిడ నిలబడకూడదు. వంట వేడివేడిగా, అప్పుడే వండింది కావాలి. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళను ఎంత దగ్గరి చుట్టమైనా ఆ మూడు రోజులు రావద్దని చెప్పండి. భోజనాల ఖర్చు దానంతటదే తగ్గుతుంది.

మిగతావి క్లుప్తంగా. చికిత్సకే డబ్బు చాలకపోతే, పండక్కి కాదు, పీఎఫ్ నుంచి అనారోగ్య కారణంతో కుటుంబ సభ్యుల వైద్యానికి తీసుకోవచ్చు. దానికి వడ్డీ లేదు, తిరిగి కట్టనక్కర్లేదు. అదీ చాలకపోతే బ్యాంకులో గోల్డ్ లోన్. మీ జీతానికి రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ వర్తించకపోవచ్చు, కానీ ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న పాఠకులు ముందు అదే అడగాలి. విజయవాడకు రైల్లో వెళ్తుంటే, చికిత్స కోసం ప్రయాణించే క్యాన్సర్ రోగులకు స్లీపర్, థర్డ్ ఏసీల్లో ఛార్జీ లేదు, తోడు వెళ్ళేవారికి 75 శాతం రాయితీ ఉంది. ఆస్పత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి.

పాలసీ కాగితాల్లో రెండు చూసి మళ్ళీ రాయండి: మాత్రల రూపంలో ఇచ్చే కీమోకు, ఇమ్యునోథెరపీకి (ఒంట్లోని రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనే చికిత్స) విడి పరిమితి ఉందా, డిశ్చార్జి తర్వాతి మందుల బిల్లులు ఎన్ని రోజుల దాకా ఇస్తారు. నవంబర్ నుంచి కొన్న మందుల, చేయించిన టెస్టుల బిల్లులన్నీ తీసి తేదీల వారీగా పెట్టుకోండి. వాటిలో కొన్నింటికి క్లెయిమ్ గడువు ఇంకా మిగిలే ఉండొచ్చు.