లెక్కలు చూపించమనే హక్కు మీకుంది

తల్లిదండ్రుల కమిటీ తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీ మీద సంతకం పెట్టమన్నారని, గ్రాంటు లెక్కలు అడిగితే హెడ్మాస్టరు "మీకెందుకమ్మా" అన్నారని రాశారు కదండీ. దయచేసి ఆ సంతకం మాత్రం పెట్టకండి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. గ్రాంట్లు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం ఆ కమిటీ పనే.

క్యాష్‌బుక్, బిల్లులు, బ్యాంకు పాస్‌బుక్ వచ్చే మీటింగులో అందరి ముందూ పెట్టాలని తెల్లకాగితం మీద రాసివ్వండి. రెండో కాపీ మీద అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి, నోటిమాటగా అడిగితే రేపు అడగలేదంటారు. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద అవే కాపీలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. పిల్లాణ్ని ఇబ్బంది పెడతారని టెన్షన్‌గా ఉంటే, మరో ఇద్దరు ముగ్గురు తల్లుల చేత కూడా సంతకం పెట్టించండి.