కొట్టు తెరుస్తున్న అల్లునికి

అల్లుడా,

దేవరకొండల బడి పక్కన కిరాణం పెడుతున్నవని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఈ వయసుకే నీ కాళ్ల మీద నువ్వు నిలబడుతున్నవని మస్తు సంబురమైంది. కూల్‌డ్రింకులోళ్లు ఫ్రిజ్ ఉత్తగనే ఇస్తున్నరని చెప్పినంక మాత్రం నిద్ర పట్టలే.

లైసెన్సు తీసుకో. ఉద్దెర ఏ రోజుది ఆ రోజే రాసుకో.

చండూరుల నేను కొట్టు పెట్టిన మొదటి ఎండకాలం మీ వదినకు ఆరేండ్లు. పెండ్లికి పోయొచ్చిన రాత్రి వాంతులు, మోషన్లు పట్టుకున్నయి. తెల్లారి నీళ్లు నీళ్లు అని ఏడ్చింది. మా బోరుది ఫ్లోరైడ్ నీళ్లాయె, దానికి భయపడి ఫ్రిజ్‌ల కూల్‌డ్రింక్ సీసా తీసి నా చేత్తోనే తాపిన. గ్యాస్ తగ్గి కడుపు కుదురుకుంటదనుకున్న. పిల్ల ఇష్టంగ తాగింది. ఇంకోటి తీసిన. పగటాల్లకు కండ్లు లోపలికి పోయినయి. ఏడుస్తె కన్నీళ్లు లేవు. పొట్ట మీద తోలు పట్టి వదిలితె మడత అట్లనే నిలబడ్డది.

స్కూటర్ మీద నల్లగొండ తీస్కపోయినం. డాక్టరు సెలైన్ పెట్టుకుంటనే నన్ను తిట్టిండు. "అంత చక్కెర పేగులకు పోతె ఒంట్ల నీళ్లు అటే గుంజుకుంటది, మోషన్లు ఇంకా ఎక్కువైతయి. పోయిన ఉప్పేమో అండ్ల లేనే లేదు" అన్నడు. లీటరు నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచ ఉప్పు కలిపితె పిల్ల తేరుకునేది. 300 మిల్లీలీటర్ల సీసాల ఎనిమిది చెంచాల దాక చక్కెర! అసొంటివి రెండు తాపిన. ఇయ్యాల మీ వదిన ఇద్దరు పిల్లల తల్లి, కానీ సీసా మూత లేసిన చప్పుడుకు నాకు ఇప్పటికీ ఆ కండ్లే యాదికొస్తయి.

గల్లా పక్కన ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టు. వాంతులైతున్నయని కూల్‌డ్రింక్ అడిగినోళ్లకు అదే ఇయ్యి, పైసలు లేకపోయినా ఇయ్యి. బడి గేటుకు 50 మీటర్ల లోపల పిల్లలకు కూల్‌డ్రింకులసొంటివి అమ్మొద్దని 2020ల రూలొచ్చింది, టేపు పెట్టి కొలుచుకో. ఫ్లోరైడ్‌తోని మన పిల్లల పండ్లు ముందే గారపట్టి ఉన్నయి, ఆ పులుపు ఆమ్లం పంటి పైపొరను ఇంకా తింటది. గిరాకీ పోతదని కోపం చేసుకోకు బిడ్డా, నేను నీకు అడ్డం పడ్తలేను.

బేస్తారం పొద్దున బస్సుకొస్త. మీ అత్త పెద్ద రంజన్ కొన్నది. దాన్ని కొట్టు ముంగట నీడకు పెడదాం, సల్లకుండ కూడ తెస్తున్న.

మీ మామ