ప్లెయిన్ సోడా ఖరీదు 60 డాలర్లు

బెంగళూరు మారతహళ్లిలో మా అక్కావాళ్లింటికి వచ్చి పది రోజులైంది. మేనల్లుడి పీజీలో ఉండే కుర్రాళ్లు నలుగురు ఆగస్టులో అమెరికా వెళ్తున్నారట. ఇద్దరు డెట్రాయిట్‌కి, ఒకడు సెయింట్ లూయిస్‌కి, ఒకడు అట్లాంటాకి. ఆదివారం సాయంత్రం బేకరీ నుంచి నాలుగు సీసాలు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. "అంకుల్, అక్కడ కూల్‌డ్రింక్‌ని సోడా అనాలా, పాప్ అనాలా?" అన్నారు. వీసా గురించో, ట్యాక్సు గురించో అడుగుతారనుకున్నాను. అవి వెబ్‌సైట్లలో ఉంటాయి, చదువుకోండి. ఇది మాత్రం నన్నే అడగాలి. ఈ పాఠానికి రొక్కం కట్టినవాణ్ని నేను.

డెట్రాయిట్ వాళ్లు పాప్ అనండి. ఆ ఊరున్న మిషిగన్, ఒహాయో, మిన్నెసోటా రాష్ట్రాలంతా పాపే. న్యూయార్క్ వైపు, కాలిఫోర్నియాలో సోడా. సెయింట్ లూయిస్‌కి చుట్టుపక్కల చాలా దూరం పాప్ అనేవాళ్లే ఉన్నా, ఆ ఊరు మాత్రం మొండిగా సోడా అంటుంది. ఇక అట్లాంటా. 1886లో పెంబర్టన్ అనే మందుల షాపాయన కోకాకోలా కలిపిన ఊరు అదే. దక్షిణాదిన చాలామందికి నారింజ రంగుదైనా, నిమ్మ రుచిదైనా అన్నీ కోక్‌లే. మా అమ్మకి బట్టలుతికే పొడి ఏదైనా సర్ఫ్ అయినట్టు.

నవ్వకండి. మీలో ఒకడు ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చి ఆరు నెలలు పన్నీర్ సోడా ముట్టుకోలేదట, అందులో పాలక్ పన్నీర్‌లోని ముక్కలు వేస్తారేమోనని! ఒరే, పెళ్లిపందిట్లో గుమ్మం దగ్గర చల్లే పన్నీరురా అది, గులాబీ నీళ్లు. మాట మనదే. ఇక్కడికి ఒక రాత్రి బస్సు ప్రయాణానికే అంత తికమకైతే, అక్కడ మీ డబ్బు ఏమవుతుందో అని నా బెంగ.

నా సంగతి చెప్తాను. 2001 ఆగస్టులో డెట్రాయిట్‌లో దిగాను. రెండో వారం, రూమ్మేట్ వండిన పచ్చి శనగపప్పు కూర తిని కడుపు ఉబ్బరం. మన ఊళ్లో అయితే బస్టాండు దగ్గర బండివాడిని "ఒక నిమ్మకాయ సోడా కొట్టవయ్యా" అంటే సరి. గోలీ కుయ్యిమని లోపలికి పోతుంది, ఉప్పేసిన గ్లాసులో పొంగించి ఇస్తాడు, ఒక్క తేనుపుతో తేలికైపోతుంది. అదే ధ్యాసలో పెట్రోలు బంకు కొట్టుకి నడిచి వెళ్లి, కౌంటర్లో పెద్దాయన్ని "ప్లెయిన్ సోడా" అని అడిగాను. "ప్లెయిన్?" అన్నాడు. కాసేపు చూసి "రెగ్యులర్?" అన్నాడు. రెగ్యులర్ అంటే రోజూ తాగేదేగా అని తలూపాను. రెండు లీటర్ల కోలా సీసా నా ముందు పెట్టాడు. అక్కడ డైట్ కానిది రెగ్యులర్ అని నాకు చెప్పిన నాథుడు లేడు. వద్దనడానికి మొహమాటం. డబ్బిచ్చి తెచ్చుకున్నాను.

తెచ్చుకున్నవాణ్ని ఊరికే తాగొచ్చుగా? ఇదీ గ్యాసే కదా అని గ్లాసు నిండా పోసి, నిమ్మచెక్క పిండి, చెంచాడు ఉప్పు వేశాను. ఉప్పు పలుకుల చుట్టూ గ్యాసంతా ఒక్కసారి బుడగలు కట్టేస్తుంది, ఇప్పుడు తెలుసు. అప్పుడు చూసిందల్లా గోధుమరంగు నురగ గ్లాసు దాటి, మణికట్టు మీదుగా, మోచేతి నుంచి లేత రంగు కార్పెట్ మీదికి దిగడమే. గచ్చు కాదు, బకెట్టు నీళ్లు కొట్టడానికి. తువ్వాలుతో రుద్దాను. రుద్దినకొద్దీ అరచేయంత మరక పళ్లెమంత అయింది. ఏడాది తర్వాత ఇల్లు ఖాళీ చేస్తే అడ్వాన్సులో 60 డాలర్లు కోసుకుని మిగతాది పంపారు. అప్పుడు డాలరు 48 రూపాయల పైమాటే. అంటే 2,900 దగ్గర. మా నాన్న నెలకు కట్టే ఇంటద్దె అంతకంటే తక్కువ. మీరు ఇంకా పెద్ద అంకెతో గుణించుకోవాలి.

మన సోడాయే కావాలంటే క్లబ్ సోడా అనండి, లేదా సెల్ట్‌జర్. టానిక్ వాటర్ జోలికి వెళ్లకండి, అది క్వినైన్ చేదు. డ్రింక్ అనే మాటతో కూడా జాగ్రత్త. "ఏం డ్రింక్ కావాలి?" అంటే మందే అనుకుని "నేను తాగనండీ" అన్నాను ఒక విందులో. అందరూ పాప్ తాగుతుంటే నా ముందు మంచినీళ్లు పెట్టారు. ఫ్రీగా వచ్చేది పోయింది! రూట్ బీర్ విషయంలోనూ అంతే. మందు ముట్టనని అమ్మకి ఇచ్చిన మాట కోసం ఏడాది దాన్ని తాకలేదు. అందులో బీరు లేదు గీరు లేదు. తాగితే మాత్రం అమృతాంజనం నాకినట్టు ఉంటుంది. దానికి వేసే వింటర్‌గ్రీన్ వాసనా, నొప్పులకు రాసే బామ్ వాసనా ఒకటేలెండి. ముందు "హార్డ్" అని ఉంటేనే మందు.

అక్కడ చాలా హోటళ్లలో ఒకసారి కొంటే గ్లాసు మళ్లీ మళ్లీ నింపుకోవచ్చని, రెండోసారి డబ్బు అడగరని నాకు తెలిసేసరికి చాలా నెలలు పట్టింది. అప్పటిదాకా రెండో గ్లాసుకి మళ్లీ వరుసలో నిలబడి డబ్బు కట్టినవాణ్ని. ఇంటికి కొనేటప్పుడు డెట్రాయిట్‌లో 1907 నుంచి ఉన్న ఫేగో అనే పాప్ కొనండి, చవక.

అసలు కడుపుమంట వేరే ఉంది. మా గదిలో నలుగురం వారానికి 24 డబ్బాల కేసు ఒకటి తాగేవాళ్లం. రసీదులో ప్రతిసారీ 'డిపాజిట్' అని 2 డాలర్ల 40 సెంట్లు వేసేవాడు. ట్యాక్సుల్లో ఇదొక రకం అనుకుని, డబ్బాలు నలిపి చెత్తలో పడేసేవాళ్లం. డిసెంబరులో ఒకనాడు సరుకుల కొట్టు వెనకాల ఒక ముసలావిడ ఖాళీ డబ్బాలు ఒక్కొక్కటే మిషన్ నోట్లో పెట్టడం చూశాను. కరకరమని నమిలి, చివర్లో చీటీ ఇచ్చింది. చీటీ చూపిస్తే కౌంటర్లో డబ్బు! మిషిగన్‌లో పాప్ డబ్బాకి 10 సెంట్లు వెనక్కిస్తారు. మన దగ్గర కూల్‌డ్రింక్ సీసా ఇంటికి తీసుకెళ్తే కొట్టువాడు డబ్బు పట్టుకుని, ఖాళీ సీసా ఇస్తే తిరిగిచ్చేవాడు చూడండి, అచ్చం అదే. ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. పదహారు వారాలు, 38 డాలర్ల 40 సెంట్లు. నిద్ర పట్టలేదు. మంచినీళ్ల సీసాలకు ఇవ్వరు, పక్క రాష్ట్రంలో కొన్న డబ్బాలు తెచ్చి పెట్టడం నేరం. రూల్స్ చూసుకోండి. డబ్బా మాత్రం నలపొద్దు. దాని మీది బార్‌కోడ్ గీతలు చదవలేకపోతే మిషన్ ఉమ్మేస్తుంది.

"కాలేజీలో ఫ్రెండ్స్ దొరుకుతారా అంకుల్?" అని అట్లాంటా అబ్బాయి మధ్యలో అడిగాడు. దొరుకుతారులే అన్నాను.

వాళ్లు వెళ్లాక టీపాయ్ మీద నాలుగు ఖాళీ పన్నీర్ సోడా సీసాలు మిగిలాయి. పొద్దున అక్క వంటగదిలోంచి కేకేసింది: "ఒరే, ఇవి కడిగి వరసగా ఎందుకు బోర్లించావురా? ఇక్కడ వీటికి ఎవడిస్తాడు నీ పది సెంట్లు?"