రూల్ 30 రాస్తే ఏటవాలు గీత ఒక్కటే వస్తోందా? సమాధానం

రూల్ 30 అంటే ఒక వరుసలోని గడుల నుంచి కింది వరుసను పుట్టించే నియమం: పై వరుసలోని ఎడమ, మధ్య, కుడి గడులను (నలుపు 1, తెలుపు 0) చూసి కొత్త గడి రంగు నిర్ణయిస్తారు. దాన్ని ప్రోగ్రామ్‌గా రాస్తే ఏటవాలు గీత ఒక్కటే వస్తోందని అడిగారు. మీ నియమం తప్పు కాదండీ, అంకెలను చదివే దిశ తిరగబడింది. 30ని ద్విసంఖ్యలో (బైనరీలో) ఎనిమిది అంకెలతో రాస్తే 00011110. ఎడమ గడిని 4తో, మధ్య గడిని 2తో గుణించి, కుడి గడిని కలిపితే 0–7 మధ్య స్థానం వస్తుంది. ఆ స్థానాన్ని కుడి చివర నుంచి, 0తో మొదలుపెట్టి లెక్కపెట్టాలి; అక్కడున్న అంకే కొత్త గడి. మీరు ఆ అంకెల వరుసలో (స్ట్రింగ్‌లో) ఎడమ నుంచి తీసుకుంటున్నారు. దాంతో అది రూల్ 120 అయిపోయింది. అందులో ఒంటరి నల్లగడి ప్రతి వరుసకూ ఒక గడి కుడికి జరుగుతుంది, అంతే. మీకు కనిపిస్తున్న గీత అదే.

స్థానానికి బదులు "7 – స్థానం" వాడండి. ఒకే గడితో మొదలుపెట్టి సరిచూసుకోండి: 1, 111, 11001, 1101111, 110010001. రెండో వరుస కుదిరినంత మాత్రాన నమ్మకండి, చాలా నియమాలు అక్కడిదాకా ఒకేలా ఉంటాయి.

కొత్త వరుసను వేరే జాబితాలోనే రాయండి. పాతదాని మీదే రాస్తే, కుడి గడి లెక్కకు వచ్చేసరికి దాని ఎడమ గడి మారిపోయి ఉంటుంది.

200 తరాలకు (కొత్త వరుసలకు) కనీసం 401 గడుల వెడల్పు కావాలి. తగ్గితే అంచుల ప్రభావం లోపలికి పాకుతుంది. బొమ్మలో ఎడమవైపు క్రమమైన చారలు, మధ్యలోనూ కుడివైపునా గందరగోళం కనిపిస్తే సరిగ్గా వచ్చినట్టే. రంగులను యాదృచ్ఛికంగా ఎంచుకోవాలంటే మధ్య నిలువు వరుసలోని 0, 1లను తీసుకోండి.