ఈఎఫ్ 30 అంటే ఎన్నాళ్లో ఎకో చెబుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారి వయసు 61. రెండేళ్ల కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. అప్పుడు ఈఎఫ్ (గుండె పంపింగ్ శాతం) 35 అన్నారు. బాగానే తిరిగేవారు. నెల రోజులుగా నాలుగడుగులు వేస్తే ఆయాసం, సాయంత్రానికి పాదాల వాపు. 2డి ఎకో (గుండె స్కానింగ్) తీయిస్తే ఈఎఫ్ 30 అని వచ్చింది. అనుమానం తీరక వారం తర్వాత ఇంకో చోట తీయిస్తే 36 అన్నారు. మొదటి రిపోర్టులో గ్రేడ్ 3 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్, మోడరేట్ ఎంఆర్, ట్యాప్సీ 13 మి.మీ., ఆర్‌వీఎస్‌పీ 51, ఐవీసీ 23 మి.మీ. అని కూడా ఉంది. బీపీ 116/70, క్రియాటినిన్ 1.1. షుగర్ లేదు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర, మెటోప్రొలాల్ 25, రామిప్రిల్ 2.5, నీరు పోయే మాత్ర సగం వాడుతున్నారు. పంపింగ్ 30కి పడిపోతే రెండు మూడేళ్లకు మించి కష్టమని బంధువు ఒకాయన అన్నప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. నాన్నకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఎకో చూసి ఎంతకాలం అనేది నిజంగా చెప్పొచ్చా? రెండు రిపోర్టుల్లో ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మీ బంధువు చెప్పిన లెక్క ఏ ఎకో రిపోర్టులోనూ ఉండదమ్మా. ఎవరు ఎన్నేళ్లుంటారో ఎకో చెప్పదు. ఎవరికి ముప్పు ఎక్కువ, ఎవరికి తక్కువ అన్నది మాత్రం చాలావరకు చెబుతుంది. మీ నాన్నగారి రిపోర్టులోనూ గట్టిగా పట్టించుకోవాల్సిన విషయం ఉంది. అయితే అది మీరందరూ భయపడుతున్న ఈఎఫ్ దగ్గర లేదు, దాని కింద ఉన్న వరసల్లో ఉంది.

ముందు ఈఎఫ్ సంగతి చూద్దాం. 30 శాతం అంటే గుండె 30 శాతమే పనిచేస్తోందని, మిగతా 70 శాతం పోయిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎడమ జఠరికలో (గుండె ఎడమవైపు కింది గదిలో) నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకోలుకు ఎంత శాతం బయటికి వెళ్తోందన్నదే ఈఎఫ్. పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా అది సుమారు 55 నుంచి 70 మధ్యే ఉంటుంది. వంద ఎవరికీ ఉండదు.

ఇక 30, 36ల్లో ఏది నమ్మాలన్నారు. రెండూ ఒకటే అనుకోండి. ఎకో తీసే వ్యక్తి స్క్రీన్ మీద బొమ్మను ఆపి, జఠరిక లోపలి అంచు వెంబడి చేత్తో గీత గీస్తారు. గుండె బాగా నిండినప్పుడు ఒకసారి, బాగా ముడుచుకున్నప్పుడు ఇంకోసారి. రెండు కోణాల్లో ఇలా గీస్తే మెషీన్ లెక్కగట్టి శాతం ఇస్తుంది. గుండెపోటు వచ్చినవాళ్లలో ఒక వైపు గోడ సరిగా కదలదు, అంచు మసకగా కనిపిస్తుంది. గీత రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా అంకె మారిపోతుంది. అనుభవం ఉన్న ఇద్దరు ఒకే పేషెంటును అదే రోజు చూసినా 5 నుంచి 10 పాయింట్ల తేడా రావచ్చు. కాబట్టి వారంలో ఆరు పెరిగిందని సంతోషపడక్కర్లేదు, రెండేళ్లలో ఐదు తగ్గిందని కుంగిపోవద్దు.

ఈఎఫ్‌కు విలువ లేదని కాదు. గుండె వైఫల్యం ఉన్న వేలమందిని పరిశీలించిన చార్మ్ అధ్యయనంలో, ఈఎఫ్ 45 కంటే కిందికి ప్రతి 10 పాయింట్లు తగ్గేకొద్దీ మరణ ముప్పు 39 శాతం చొప్పున పెరిగిందని తేలింది. 45 దాటాక మాత్రం ఎంత ఉన్నా పెద్ద తేడా లేదు. ఏ మందులు వాడాలి, ఏ పరికరం పెట్టాలి అన్న నిర్ణయాలకూ ఈఎఫే ఆధారం. కానీ ఒకే ఈఎఫ్ ఉన్న ఇద్దరిలో ఒకరు రోజూ పొలం వెళ్లి వస్తుంటారు, మరొకరు మంచం దిగలేరు. ఆ తేడా ఎక్కడుందో చెప్పేవి మిగతా కొలతలు.

మీ రిపోర్టులో నన్ను మొదట ఆపింది గ్రేడ్ 3 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ అన్న మాట. గుండె ముడుచుకోవడం ఎంత ముఖ్యమో, వదులై రక్తాన్ని నింపుకోవడం అంతే ముఖ్యం. రక్తం ఎడమ జఠరికలోకి రెండు విడతలుగా వస్తుంది. రక్తం వేగాన్ని కొలిచే డాప్లర్ పెడితే స్క్రీన్ మీద ఒక్కో కొట్టుకోలుకు రెండు ఎత్తులు కనిపిస్తాయి. మొదటిదాని పేరు ‘ఈ’ (E), రెండోదాని పేరు ‘ఏ’ (A). అరవై ఏళ్ల మనిషికి మామూలుగా రెండూ దాదాపు సమానంగా ఉంటాయి, లేదా ‘ఏ’ కాస్త ఎక్కువగా ఉంటుంది. గ్రేడ్ 3లో ‘ఈ’ నిటారుగా లేచి, ‘ఏ’ కంటే రెండింతలు లేదా అంతకు మించి ఉంటుంది. లేచినంత వేగంగానూ పడిపోతుంది, చాలాసార్లు సెకనులో ఆరో వంతు కంటే తక్కువ సమయంలో. ఊపిరితిత్తుల వైపు నుంచి ఒత్తిడి పేరుకుని రక్తం ఒక్కసారిగా లోపలికి దూకుతుంది, గట్టిపడిన గోడ సాగక అక్కడికక్కడే ఆగిపోతుంది. పడుకుంటే ఆయాసం రావడానికి, దిండు మీద దిండు వేసుకోవడానికి కారణం ఈ ఒత్తిడే.

ఇలాంటి నిండుదల ఉన్నవాళ్లకు, అది లేనివాళ్లతో పోలిస్తే మరణ ముప్పు రెండింతలకు పైగా ఉంటుందని అనేక అధ్యయనాలను కలిపి 2008లో చేసిన విశ్లేషణ చూపింది. ఈఎఫ్ ఎంత ఉన్నా ఇది వర్తించింది. చదివితే భయం వేస్తుంది, నిజమే. కానీ దీని రెండో సగం కూడా తెలుసుకోండి. ఒంట్లో చేరిన అదనపు నీరు పోయి, మందులు సరిగా అందాక కొందరిలో ఈ గ్రేడ్ 3 కాస్తా 2కో 1కో దిగుతుంది. అలా దిగినవాళ్ల పరిస్థితి, దిగనివాళ్ల కంటే స్పష్టంగా మెరుగు. మీ నాన్నగారికి ఎకో తీసింది పాదాలు వాచి ఉన్న రోజుల్లో. కాబట్టి ఆ రోజు గ్రేడ్ 3 అన్నది చివరి తీర్పు కాదు. నీరు పోయాక ఏమవుతుందో చూడాలి.

ఇక్కడే ఇంకో మాట. పెద్దవాళ్ల రిపోర్టుల్లో చాలావాటిలో గ్రేడ్ 1 అని ఉంటుంది. అది చూసి కంగారుపడే పాఠకులు చాలామంది రాస్తుంటారు. వయసుతో, బీపీతో అది వస్తుంది. గ్రేడ్ 3తో దాన్ని కలపకండి.

రెండో విషయం గుండె కుడివైపు. మన దగ్గర చాలా రిపోర్టుల్లో దీని గురించి ఒక ముక్క కూడా ఉండదు, మీ రిపోర్టు రాసినవారు శ్రద్ధగా రాశారు. కుడి జఠరిక ముడుచుకున్నప్పుడు కవాటం అంచు కిందికి ఎంత దూరం జరుగుతుందో ట్యాప్సీ చెబుతుంది. 17 మి.మీ. కంటే తక్కువైతే బలహీనత ఉన్నట్టు. మీ నాన్నగారికి 13. ఆర్‌వీఎస్‌పీ అంటే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి అంచనా. కుడి కవాటం దగ్గర వెనక్కి లీకయ్యే రక్తం వేగాన్ని కొలిచి దీన్ని లెక్క కడతారు. వేగం సెకనుకు 3 మీటర్లు ఉందనుకోండి, దాని వర్గం 9, నాలుగుతో గుణిస్తే 36. దానికి కుడి కర్ణికలో (కుడివైపు పై గదిలో) ఒత్తిడి సుమారు 15 కలిపితే 51. ఆ 15 ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఐవీసీ నుంచి. కాలేయం వెనక నుంచి గుండెలోకి వెళ్లే పెద్ద సిర అది. ఎకో తీసేటప్పుడు ‘ముక్కుతో ఒక్కసారి గట్టిగా పీల్చండి’ అంటారు కదా, అప్పుడు మామూలుగా ఆ సిర సగానికి పైగా నలిగిపోతుంది. 21 మి.మీ. దాటి ఉబ్బి ఉండి, పీల్చినా నలగకపోతే వెనక రక్తం ఆగిందని అర్థం. కాలువ కింద తూము మూసుకుపోతే నీళ్లు పైపొలాల్లోకి తన్నినట్టు, ఎడమ గుండె తీసుకోలేని ఒత్తిడి ఊపిరితిత్తుల మీదుగా కుడివైపుకు, అక్కడి నుంచి కాలేయానికి, కాళ్లకు చేరుతుంది.

ట్యాప్సీని ఆర్‌వీఎస్‌పీతో భాగిస్తే మీ నాన్నగారికి సుమారు 0.25 వస్తుంది. 0.36 కంటే తక్కువ ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. నా దృష్టిలో 30కీ 36కీ మధ్య తేడా కంటే ఇది చాలా పెద్ద విషయం. ఒత్తిడి తగ్గితే ఈ అంకె కూడా మెరుగుపడుతుంది, అందుకే ఇప్పుడు ఆలస్యం చేయొద్దంటున్నాను. మోడరేట్ ఎంఆర్ (ఎడమవైపు మైట్రల్ కవాటం ఓ మోస్తరుగా లీకవడం) సంగతి తర్వాత చూడొచ్చు. జఠరిక సాగిపోయి కవాటం రెక్కలు సరిగా కలవక వచ్చే లీకు ఇలాంటి కేసుల్లో ఎక్కువ. గుండె సైజు తగ్గితే అది కూడా తగ్గుతుంది.

అయితే ఎకో ఒక్కదానితోనే ముప్పు లెక్కగట్టరు. మ్యాగిక్ అనే స్కోరు ఉంది. 30 అధ్యయనాల్లోని 39 వేల మందికి పైగా రోగుల వివరాలతో తయారుచేశారు. అందులో చూసే అంశాలు 13. ఎకో నుంచి తీసుకునేది ఈఎఫ్ ఒక్కటే. మిగతావి వయసు, బీపీ, క్రియాటినిన్, షుగర్, పొగతాగడం, ఆయాసం ఏ స్థాయిలో ఉంది, ఇలాంటివి. ఆ 13లో రెండు ఏంటో తెలుసా? బీటా బ్లాకర్ (మెటోప్రొలాల్ లాంటిది) వాడకపోవడం, రామిప్రిల్ తరహా మందు వాడకపోవడం. అంటే చీటీలో మందు లేకపోవడం కూడా ఎకోలో అంకె తగ్గడం లాంటి ముప్పే. పైగా ఈ స్కోర్లన్నీ అలాంటి వందమందిలో ఎంతమందికి ఏమవుతుందో చెబుతాయి. ఆ వందమందిలో మీ నాన్నగారు ఎటువైపు ఉంటారో చెప్పలేవు.

అందుకే ఆయన మందుల చీటీ చూస్తే నాకు బాధ కలిగింది, ఆశ కూడా కలిగింది. పంపింగ్ తగ్గిన గుండెకు ఇవాళ నాలుగు రకాల మందులు కలిపి ఇవ్వడం ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. బీటా బ్లాకర్, రామిప్రిల్ లేదా దానికంటే మెరుగైన సాక్యుబిట్రిల్-వాల్సార్టన్, స్పైరోనోలాక్టోన్ లాంటిది, డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్. ఆయనకు మొదటి రెండూ చిన్న డోసుల్లో అందుతున్నాయి, చివరి రెండూ అసలు లేవు. స్పైరోనోలాక్టోన్ మరణాలను 30 శాతం తగ్గిస్తుందని 1999లోనే తేలింది. డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ లేనివాళ్లకూ పనిచేస్తుందని 2019లో రుజువైంది. 2020లో పేటెంట్ ముగిశాక మన దేశంలో దాని ధర కూడా బాగా దిగింది. ఈ లోటు మీ ఒక్క ఇంటిది కాదు. 2013లో తిరువనంతపురం జిల్లా ఆసుపత్రుల్లో గుండె వైఫల్యంతో చేరిన 1,205 మందిని నమోదు చేస్తే, పంపింగ్ తగ్గినవాళ్లలో డిశ్చార్జి నాటికి సరైన మందులన్నీ అందింది దాదాపు నాలుగో వంతుకే. వాళ్ల సగటు వయసు కూడా మీ నాన్నగారిదే, 61.

ఆయన బీపీ, క్రియాటినిన్ చూస్తే మందులు పెంచడానికి వీలుందనే అనిపిస్తోంది. కానీ ఇది పేపర్ చదివి మీరు చేసే పని కాదు, మీ కార్డియాలజిస్టు దగ్గరికి ఈ వారంలోనే వెళ్లండి. ముందు నీరు పోయే మాత్ర సరిచేసి వాపు తగ్గించాలి. ఒంట్లో నీరు ఉండగా బీటా బ్లాకర్ పెంచితే ఆయాసం ఎక్కువవుతుంది, అది ఆ తర్వాత మెల్లగా పెంచాలి. స్పైరోనోలాక్టోన్ మొదలుపెడితే వారం పది రోజుల్లో పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. సాక్యుబిట్రిల్-వాల్సార్టన్‌కు మారిస్తే రామిప్రిల్ ఆపాక 36 గంటలు ఆగాలి. రెండూ కలిస్తే ముఖం, గొంతు వాచి ప్రాణాపాయం రావచ్చు. కాబట్టి డాక్టరు అలా మార్చాక ఇంట్లో మిగిలిన రామిప్రిల్ షీట్లు తీసేయండి. మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు, ఇంజెక్షన్లు ఎవరు ఇచ్చినా వద్దనండి. అవి నీటిని ఒంట్లోనే ఆపేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పచ్చళ్లు, అప్పడాలు, వడియాలు పక్కన పెట్టండి.

మందులు సరిపడా డోసుకు చేరాక మూడు నెలలకు ఎకో తీయించండి, ఈలోపు ఊరికే తీయించొద్దు. వీలైతే మొదట తీసిన చోటే, వాపు లేని రోజున. ఈఎఫ్‌తో పాటు నిండుదల గ్రేడ్, ట్యాప్సీ, ఆర్‌వీఎస్‌పీ, ఐవీసీ, ఎడమ కర్ణిక పరిమాణం రాయమని అడగండి. స్ట్రెయిన్ (గుండె కండరం ఎంత కుంచించుకుంటోందన్న కొలత) చూసే సౌకర్యం ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు. అప్పటికీ ఈఎఫ్ 35 దాటకపోతే హఠాత్తుగా లయ తప్పి ప్రాణం పోకుండా కాపాడే ఐసీడీ అనే పరికరం గురించి మాట్లాడాలి. ఈసీజీలో లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండె ఎడమవైపుకు విద్యుత్ సంకేతం ఆలస్యంగా చేరడం) ఉంటే, రెండు వైపులూ కలిసి కొట్టుకునేలా చేసే సీఆర్‌టీ పరికరం కూడా ఆలోచించాలి. అందుకే ఈసీజీ కాగితం కూడా వెంట తీసుకెళ్లండి. ఒకవేళ ఈఎఫ్ 45కో 50కో పెరిగితే మందులు ఆపేయకండి. వేరే కారణంతో గుండె సాగిపోయి, తర్వాత మందులతో కోలుకున్నవాళ్లలో కొందరికి మందులు ఆపి చూసిన ట్రెడ్-హెచ్‌ఎఫ్ అధ్యయనంలో, ఆపిన 25 మందిలో 11 మందికి ఆరు నెలల్లో జబ్బు తిరగబెట్టింది.

ఇంట్లో రోజూ చేయాల్సిన పరీక్ష బరువు. పొద్దున్నే బాత్రూముకు వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు చూసి క్యాలెండర్ మీద రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే డాక్టరుకు ఫోన్ చేయండి. పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా ఫోన్ కోసం ఆగకుండా 108లో ఆసుపత్రికి వెళ్లండి.

నాన్నకు చెప్పలేదన్నారు. చెప్పండి. బరువు చూసుకోవాల్సింది, పచ్చడి మానాల్సింది, కళ్లు తిరిగితే దాచకుండా చెప్పాల్సింది ఆయనే. రెండు మూడేళ్లన్న బంధువు మాట చెప్పక్కర్లేదు, దానికి ఆధారం లేదు. గుండెలో ఒత్తిడి పెరిగి నీరు చేరిందని, ఇంకా వాడని మందులు ఉన్నాయని, మూడు నెలలకు మళ్లీ ఎకో చూస్తారని చెప్పండి. ఈసారి డాక్టరు గదిలోకి ఆయన్నూ తీసుకెళ్లి, ఆయన అడగాలనుకున్నది ఆయన్నే అడగనివ్వండి.