టెక్ సందేహాలు: మొండికేసే సేవ్ బటన్

ప్రశ్న: దుకాణాల కోసం జావాస్క్రిప్ట్‌తో చిన్న బిల్లింగ్ వెబ్ అప్లికేషన్ తయారు చేశాను. పైనున్న టూల్‌బార్‌లో కొత్త బిల్లు, సేవ్, ప్రింట్, డిలీట్ అనే 4 బటన్లు ఉన్నాయి. సేవ్‌ను రెండుసార్లు నొక్కకుండా, ఒకసారి నొక్కగానే కోడ్‌తో దాన్ని డిసేబుల్ చేస్తున్నాను. నెట్ సరిగా లేనప్పుడు ఆ బటన్ బూడిద రంగులోనే ఉండిపోతోంది. పేజీని రీలోడ్ చేస్తే తప్ప మళ్లీ పనిచేయడం లేదు. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: బటన్‌ను తిరిగి ఎనేబుల్ చేసే వరుసను మీరు బహుశా సర్వర్ నుంచి జవాబు వచ్చాక నడిచే భాగంలో రాసి ఉంటారు. నెట్ తెగిపోతే, సర్వర్‌కు వివరాలు పంపే ఫెచ్ అనే ఫంక్షన్ ఎర్రర్ ఇచ్చి మధ్యలోనే ఆగిపోతుంది కాబట్టి ఆ వరుస దాకా బ్రౌజర్ రానే రాదు. ఎర్రర్లను పట్టుకునే ట్రై, క్యాచ్‌ల తర్వాత వచ్చే ఫైనల్లీ భాగంలోకి ఆ వరుసను మార్చండి. అప్పుడు సేవ్ అయినా, విఫలమైనా బటన్ తిరిగి వస్తుంది. ఇదే చోట ఇంకో చిక్కు కూడా పొంచి ఉంటుంది. సర్వర్ 404 (అడిగినది దొరకలేదు) అని చెప్పినా, 500 (సర్వర్‌లోనే లోపం) అని చెప్పినా ఫెచ్ దాన్ని ఎర్రర్‌గా లెక్కవేయదు, జవాబు అందింది కదా అని ముందుకు సాగిపోతుంది. రెస్పాన్స్‌లోని ఓకే అనే విలువను పరీక్షించకుండా మీరు ‘బిల్లు సేవ్ అయింది’ అని చూపిస్తే, దుకాణదారు రాత్రి లెక్క కట్టుకునేటప్పుడు గాని ఆ బిల్లు లేదన్న సంగతి బయటపడదు.

ఇంతటితో మీ సమస్య తీరుతుంది. అయితే ఇలాంటిదే ఇంకో రూపంలో మళ్లీ రాకుండా ఉండాలంటే రాసే పద్ధతినే మార్చుకోవాలి. బిల్లు తెరిచినప్పుడు, మూసినప్పుడు, సరుకు చేర్చినప్పుడు, తీసేసినప్పుడు, సేవ్ మొదలైనప్పుడు, ముగిసినప్పుడు అంటూ 6 సందర్భాల్లో 4 బటన్లను ఎక్కడికక్కడ మారుస్తూ పోతే, 24 నిర్ణయాలను మీరే గుర్తుపెట్టుకోవాలి. రేపు ఇంకో బటన్ చేరితే అవి 30 అవుతాయి. అందుకు బదులు బిల్లు తెరిచి ఉందా, అందులో మార్పులు జరిగాయా, సేవ్ నడుస్తోందా అన్న మూడు సంగతులను ఒక ఆబ్జెక్ట్‌లో పెట్టుకుని, దాన్ని చూసి బటన్లన్నిటినీ సరిచేసే ఫంక్షన్ ఒక్కటే రాయండి. మార్పులేమీ లేకపోయినా, సేవ్ నడుస్తున్నా సేవ్ బటన్ డిసేబుల్ కావాలి. బిల్లు తెరిచి లేకపోతే ప్రింట్, డిలీట్ రెండూ డిసేబుల్ కావాలి. మిగతా కోడ్ అంతా ఆ మూడు విలువలను మార్చి ఈ ఫంక్షన్‌ను పిలవాలే తప్ప బటన్ల జోలికి నేరుగా వెళ్లకూడదు. రియాక్ట్, వ్యూ వంటి రెడీమేడ్ జావాస్క్రిప్ట్ సాధనాలు నడిచేది కూడా ఈ దారిలోనే. నాలుగు బటన్ల కోసం వాటిని తెచ్చిపెట్టుకోవడం మాత్రం నా దృష్టిలో అనవసరం.

రెడీమేడ్ టూల్‌బార్ లైబ్రరీ వాడేవారు బటన్‌ను వరుస సంఖ్యతో కాకుండా ఐడీతో పట్టుకోవడం మంచిది. ‘నాలుగో బటన్‌ను ఆపు’ అని రాసుకున్నాక, ముందు ఒక కొత్త బటన్ చేరిందంటే డిలీట్‌కు బదులు ప్రింట్ ఆగిపోతుంది. కీబోర్డుతోనే పనిచేసేవారిని కూడా గుర్తుంచుకోండి. డిసేబుల్డ్ లక్షణం పెట్టిన బటన్ మీద ఫోకస్ నిలవదు, దాంతో తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవారికి ఉన్నట్టుండి దారి తప్పినట్టవుతుంది. దానికి బదులు ఏరియా-డిసేబుల్డ్ (aria-disabled) అనే లక్షణం పెడితే ఫోకస్ అక్కడే ఉంటుంది, కానీ క్లిక్‌ను మీ కోడే అడ్డుకోవాలి.

ఒక హెచ్చరిక. ఎఫ్12 నొక్కి, బ్రౌజర్‌లో తెరుచుకునే డెవలపర్ టూల్స్‌లో డిసేబుల్డ్ అన్న మాటను చెరిపేయడం ఎవరికైనా క్షణాల పని. బిల్లు డిలీట్ చేసే హక్కు ఆ వ్యక్తికి ఉందో లేదో సర్వర్ మళ్లీ చూసుకోవాల్సిందే.

ప్రశ్న: టూల్‌బార్‌కు హిడెన్ లక్షణం ఇచ్చినా అది తెర మీద కనిపిస్తూనే ఉంది. ఎందుకు? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: మీ సీఎస్ఎస్‌లో ఆ టూల్‌బార్‌కు డిస్‌ప్లే ఫ్లెక్స్ అని రాశారేమో చూడండి. హిడెన్ అంటే డిస్‌ప్లే నన్ అని బ్రౌజర్ తన సొంత నియమంగా పాటిస్తుంది. మీరు రాసిన నియమం దానికంటే బలమైనది కాబట్టి అదే చెల్లుతుంది. హిడెన్ ఉన్నప్పుడు డిస్‌ప్లే నన్ కావాలని మీ సీఎస్ఎస్‌లో విడిగా ఒక వరుస చేర్చండి. అలాగే, ఫారం లోపల ఉండే బటన్‌కు టైప్ రాయకపోతే బ్రౌజర్ దాన్ని సబ్‌మిట్‌గానే తీసుకుంటుంది. టూల్‌బార్ బటన్ నొక్కగానే పేజీ రీలోడ్ అవుతోందని వాపోయే ఉత్తరాలకు చాలాసార్లు నేనిచ్చే జవాబు ఇదే.

ప్రశ్న: తెలుగు కథలు రాసుకునేందుకు ఎడిటర్ చేస్తున్నాను. బోల్డ్ బటన్ నొక్కగానే ఎంచుకున్న పదం మీది ఎంపిక పోతోంది. పైగా ఫొనెటిక్ కీబోర్డుతో టైప్ చేస్తుంటే అక్షరాలు చెదిరిపోతున్నాయి. (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: బటన్‌ను డివ్‌తో చేసినట్టున్నారు. దాని మీద మౌస్ నొక్కగానే ఎంపిక చెదిరి, క్లిక్ కోడ్ నడిచే సమయానికి బోల్డ్ చేయడానికి ఏమీ మిగలదు. అసలైన బటన్ ట్యాగ్ వాడి, మౌస్‌డౌన్ ఈవెంట్‌లో ప్రివెంట్ డిఫాల్ట్‌ను పిలవండి.

రెండోదానికి కారణం వేరు. ఫొనెటిక్ కీబోర్డులో ఒక అక్షరం పూర్తయ్యేలోపు పలు కీలు నొక్కుతాం. ఆ వ్యవధిని బ్రౌజర్ కంపోజిషన్ అంటుంది. టూల్‌బార్‌ను తాజాపరిచే నెపంతో మీ కోడ్ ప్రతి కీ నొక్కినప్పుడూ ఎడిటర్‌లోని పాఠాన్ని తిరగరాస్తుంటే, ‘క్ష్మ’ వంటి సంయుక్తాక్షరం నడుమే విరిగిపోతుంది. ఈవెంట్‌లో ఈజ్ కంపోజింగ్ విలువ ట్రూగా ఉన్నంతసేపూ పాఠాన్ని ముట్టుకోకండి, కంపోజిషన్ ఎండ్ ఈవెంట్ వచ్చాక సరిచేసుకోవచ్చు. ఇంగ్లిష్‌లో మాత్రమే పరీక్షించేవారికి ఈ లోపం సాధారణంగా కనపడదు.

బోల్డ్ కోసం ఎగ్జెక్ కమాండ్‌ను వాడుతుంటే, అది బ్రౌజర్లలో ఇంకా పనిచేస్తున్నా వాడవద్దని ప్రకటించిన పాత పద్ధతి అని తెలుసుకోండి. కొత్తగా మొదలుపెట్టేవారికి క్విల్ అనే రెడీమేడ్ ఎడిటర్ లైబ్రరీ సులువు. అందులో గెట్ మాడ్యూల్‌తో టూల్‌బార్‌ను అందుకుని, యాడ్ హ్యాండ్లర్‌తో ఏ బటన్‌కైనా మీ ఫంక్షన్‌ను తగిలించవచ్చు. అలాంటిదే మరో ఎడిటర్ టైనీఎంసీఈ వాడదలిస్తే వెర్షన్ చూసుకోండి. 5లో ఉన్న సెట్ డిసేబుల్డ్ స్థానంలో 6లో సెట్ ఎనేబుల్డ్ వచ్చింది కాబట్టి, పాత కోడ్‌లో పేరు ఒక్కటే మార్చి ట్రూ, ఫాల్స్‌లను తిప్పకపోతే ఆగాల్సిన బటన్లు పనిచేస్తాయి, పనిచేయాల్సినవి ఆగిపోతాయి.