కానుకల కోసం అప్పా? ఆ యాప్ మూసేయండి

ప్రశ్న: మాది తెనాలి. ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం 42,000. ఇంటి ఖర్చులు 34,000. భార్య, ఇద్దరు పిల్లలు, 71 ఏళ్ల అమ్మ ఉన్నారు. ఏటా క్రిస్మస్‌కు మా సంఘంలోని పేద కుటుంబాలకు బట్టలు, కేకులు ఇస్తుంటాను. ఈసారి 40 కుటుంబాలకు ఇద్దామంటే 60,000 అవుతోంది. ఓ యాప్‌లో 24 శాతం వడ్డీకి ఏడాది రుణం మంజూరైంది. ఖాతాలో 18,000 ఉన్నాయి. ఆఫీసు ఆరోగ్య బీమా తప్ప ఏ పాలసీ లేదు. రుణం తీసుకోవచ్చా?

జవాబు: వద్దండి. ఇవ్వాలన్న మీ మనసు గొప్పది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ పండక్కి పదిమందికి పెట్టడానికి తానే అప్పులపాలయ్యే వాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను.

లెక్క చూడండి. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం అనుకుంటే జీఎస్టీతో కలిపి 2,124 ముందే కోసుకుంటారు. మీ చేతికి వచ్చేది 57,876. నెలకు 5,674 చొప్పున 12 వాయిదాల్లో కట్టేది 68,088. అంటే పది వేలకు పైగా ఆ యాప్‌కు మీరిచ్చే కానుక! నెలనెలా మీకు మిగిలే 8,000లో ఇక 2,326 ఉంటుంది. చివరి వాయిదా తీరేది మళ్లీ డిసెంబరులోనే. చేతిలో ఏమీ ఉండదు, సంఘంలో అందరూ మీ వైపే చూస్తుంటారు. అప్పుడు ఇంకో అప్పు. క్రెడిట్ కార్డయినా, బంగారం కుదువపెట్టినా ఇదే వరస.

జనవరి సంగతి ఆలోచించారా? కొన్ని కంపెనీలు డిసెంబరు జీతం పండగకు ముందే వేసేస్తాయి. తర్వాతి జీతం జనవరి నెలాఖరుకు గానీ రాదు. మధ్యలో కొత్త సంవత్సరం, సంక్రాంతికి ఇంటికొచ్చే ఆడపడుచులు, పిల్లల ఫీజు. వీటన్నిటికీ అడ్డుగా మీ దగ్గరున్నది 18,000. మీ ఖర్చులకు అది పదహారు రోజులకే సరిపోతుంది. ఉద్యోగం పోతే పదిహేడో రోజున ఎవరిని అడుగుతారు? ఆరు నెలల ఖర్చు, అంటే 2,04,000 అత్యవసర నిధిగా ఉండాల్సిన ఇల్లు మీది. ఆ 18,000 మీద చెయ్యి వేయకండి. ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి అందులో వేయండి. దాన్ని యూపీఐకి జోడించవద్దు.

మరి ఈ క్రిస్మస్‌కు ఏమిస్తారు? ఈ నెల మిగులులోంచి 5,000 తీయండి, అంతే. ఇల్లు గడవని నాలుగు కుటుంబాలకు తలా 600 సరుకులు: 5 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె, అరకిలో చక్కెర. 2,400 అవుతుంది. 25న అందరి ఇళ్లకూ కేకులు వస్తాయి కాబట్టి ఈ సంచులు జనవరి మొదటి వారంలో ఇవ్వండి.

మిగతా డబ్బుతో నేనైతే బీమా కానుక ఇవ్వమంటాను. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఏడాది ప్రీమియం 436. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య చేరేవాళ్లకు మే 31 వరకు 228 చాలు. సురక్షా బీమాకు 20. రెండూ కలిపి 248. పదిమంది కూలీలకు కడితే 2,480. మొదటిదాంట్లో ఏ కారణంతో మరణించినా, రెండోదాంట్లో ప్రమాదంలో మరణించినా కుటుంబానికి 2 లక్షల చొప్పున వస్తుంది. డబ్బు చేతికివ్వకండి. వాళ్ల ఖాతాలో వేసి, బ్యాంకుకు వెంట వెళ్లి ఫారం నింపించండి. జీవన్ జ్యోతిలో చేరే వయసు 18 నుంచి 50, సురక్షాలో 18 నుంచి 70. ఎక్కువగా జరిగే పొరపాట్లు మూడు. నామినీ గడి ఖాళీగా వదిలేస్తారు. రెండు బ్యాంకుల్లో రెండుసార్లు చేరతారు, కానీ చెల్లేది ఒక్కటే. అన్నిటికన్నా పెద్దది, మే నెలాఖరులో ఖాతాలో 456 లేక పాలసీ రద్దవుతుంది. మే 20కల్లా పదిమందికీ ఫోన్ చేసి గుర్తుచేయడం కూడా మీ కానుకలో భాగమే అనుకోండి. జీవన్ జ్యోతిలో చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికి తప్ప డబ్బు రాదు, ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పండి.

పైసా ఖర్చులేనిది ఇంకొకటి ఉంది. 70 ఏళ్లు నిండిన వాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏటా 5 లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఆధార్‌తో వస్తుంది. ముందు మీ అమ్మగారికి చేయించండి, తర్వాత సంఘంలోని పెద్దవాళ్ల పక్కన కూర్చుని వాళ్లకూ చేయించండి. రక్తదానం సరేసరి. ఈ జీతానికి కొత్త పన్ను విధానంలో పన్నే పడదు కాబట్టి విరాళాలపై పన్ను మినహాయింపుకు ఇచ్చే 80జీ రసీదుల ఊసు వదిలేయండి.

జనవరి నుంచి 8,000లోంచి ఇలా పంచండి: అత్యవసర నిధికి 4,500, వచ్చే క్రిస్మస్ కోసం 1,500 రికరింగ్ డిపాజిట్, మీ పేరున 75 లక్షల టర్మ్ పాలసీకి సుమారు 1,200. ఆఖరిది వాయిదా వేయకండి. రేపు మీకేమైనా అయితే ఇంట్లో నలుగురికీ ఆధారం అదే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. నవంబరుకల్లా డిపాజిట్ 16,500 దాటుతుంది. ఏడాది తిరిగేసరికి అత్యవసర నిధి 72,000 అవుతుంది, అంటే రెండు నెలల ఖర్చు. ఆఫీసు బీమాలో అమ్మగారి పేరు ఉందో లేదో హెచ్‌ఆర్‌ను అడిగి తెలుసుకోండి.

ఈ జవాబు చదివేలోపే రుణం ఖాతాలో పడిపోయిందా? రుణ పత్రాల్లో కూలింగ్ ఆఫ్ గడువు ఎన్ని రోజులో చూడండి. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కనీసం ఒక్కరోజైనా ఉంటుంది. ఆలోపు అసలు, అన్ని రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు కోసుకుని ఉంటే ఆ లోటు మాత్రం ఈ నెల మిగులులోంచి పూడ్చండి, 18,000లోంచి కాదు.